తలుపు దగ్గరి మనిషి

మూడు గదులు కడిగేసి నాలుగోదాంట్లో బ్లీచింగ్ పొడి చల్లుతుండగా షిఫ్టు బెల్లు మోగింది. ఆమె ఒక చెయ్యి గోడకు ఆనించి నడుం నిలబెట్టుకుంది. వెన్నులో ఎక్కడో టక్కుమంది. రోజూ అనేదే, పట్టించుకోలేదు. చీపురు మూలన పెట్టి, రబ్బరు తొడుగులు విప్పింది. కుడిచేతి తొడుగుకి రెండు వేళ్ళు చిరిగి చాలాకాలమైంది. అడిగితే "వచ్చే నెల" అంటారు. ఆ వచ్చే నెల ఇంతవరకూ ఏ క్యాలెండర్లోనూ రాలేదు. చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, వచ్చి తలుపు పక్కన నిలబడింది.

అదే ఆమె ఉద్యోగం. షర్టులు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మరుగుదొడ్లు కడగడం, కడిగాక వాటి తలుపు దగ్గర నిలబడటం. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నిలబడాల్సినవాడే గాని, ఆయన జీతం ఈమె జీతానికి దాదాపు రెట్టింపు. ఆయన కాసేది గేటు, ఈమె కాసేది తలుపు. ఈ తేడా ఏమిటని ఒకసారి అడిగితే ఫ్లోర్ సూపర్‌వైజర్ నవ్వాడు.

"ఆయన సెక్యూరిటీ. నువ్వు హెల్పర్‌వి."

"నేనేం హెల్ప్ చేస్తున్నా సార్? వాళ్ళ బదులు నేను లోపలికెళ్ళొస్తున్నానా?"

చుట్టూ మిషన్ల మీద ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. జీతం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

అక్కడ ఆమెను అందరూ టోకెనక్క అంటారు. హాల్లో మిషన్లు వరసలుగా ఉంటాయి. ఒక్కో వరసకి ఒకటే టోకెన్. ఎర్రటి ప్లాస్టిక్ బిళ్ళ, వరస చివర మేకుకు వేలాడుతుంటుంది. అది అక్కడ కనిపిస్తేనే ఎవరైనా లేవాలి. లేకపోతే పంటి బిగువున కూర్చోవాలి. లేచినామె ఆ బిళ్ళ తెచ్చి టోకెనక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఆలస్యమైతే టోకెనక్క తలుపు కొట్టాలి. ఈ పద్ధతి కనిపెట్టినవాడు కచ్చితంగా మగాడేననీ, వాడి పొట్టలో మూత్రం తిత్తికి బదులు ఇత్తడి బిందె ఉండి ఉంటుందనీ ఆమె గట్టి అభిప్రాయం. కటింగ్‌లోనూ ఇస్త్రీలోనూ పనిచేసే మగవాళ్ళకి టోకెన్లు లేవు. వాళ్ళు తీరిగ్గా వెళ్ళి, సిగరెట్టు కాల్చుకుని, ఊరి విశేషాలు మాట్లాడుకుని మరీ వస్తారు.

టోకెన్ కోసం ఎదురుచూడలేక ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేశారు. తెచ్చుకున్న సీసాలు సాయంత్రం నిండుగానే ఇంటికి వెళతాయి. లోపల మంటకి పళ్ళు కొరుక్కుంటూ గోడకి తల ఆనించే పిల్లల్ని ఆమె రోజూ చూస్తుంది. జ్వరం వస్తే ఆ రోజు జీతం పోతుంది. అందుకని జ్వరంతోనే వచ్చి కుడతారు. ఎక్కడో ఏ పెద్దమనుషులో ఆ షర్టులు తొడుక్కుని చల్లటి గదుల్లో కూర్చుంటారు కాబోలు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తలుపు కొట్టక తప్పదు గనక కొట్టేది. సూపర్‌వైజర్ చెవిన పడేలా దబదబా బాది, లోపలున్న పిల్లకి మాత్రమే వినబడేలా, "కానీ తల్లీ, నెమ్మదిగానే కానీ" అనేది.

ఆ ఉదయం మొదటి బిళ్ళ పట్టుకుని వచ్చింది బొంగరం. కాలర్లు కుట్టే పిల్ల. కూర్చున్న చోట నిమిషం కుదురుగా ఉండదని ఆ పేరు పెట్టారు. ఇవాళ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తోంది. బిళ్ళ టోకెనక్క అరచేతిలో పడేసి చివరి గదిలోకి దూరింది. టోకెనక్క వెంటనే వెళ్ళి పక్కనున్న రెండు కుళాయిలూ పూర్తిగా తిప్పింది. బకెట్లలో నీళ్ళు పడే హోరులో లోపలి చప్పుడు కలిసిపోయింది.

బొంగరం బయటికొచ్చి మొహం కడుక్కుంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"పొద్దున్నే ఏమన్నా తిన్నావా?"

"తింటే ఉండట్లేదక్కా."

"పడుకున్న చోటే ఒక బిస్కెట్టు నవిలి, ఆ తర్వాత లే అని చెప్పానా లేదా? నీకు చెప్పడం, ఆ గోడకి చెప్పడం ఒకటే."

"మా ఆయన నవ్వుతున్నాడు. మంచం మీదే భోజనమా, మహారాణీ అని."

"ఈసారి నవ్వితే ఒక నెల వాణ్ణి మొయ్యమను."

పిల్ల నవ్వబోయి, మళ్ళీ నోరు మూసుకుంది. నాలుగో నెల. ఆ సంగతి మొగుడి కంటే ముందు కనిపెట్టింది టోకెనక్కే. తలుపు దగ్గర నిలబడే మనిషికి తెలియనిదేముంది? ఎవరికి నెల వచ్చిందో, ఎవరికి రాలేదో, ఎవరు ఊరికే రెండు నిమిషాలు ఏడవడానికి వస్తారో అన్నీ తెలుస్తాయి. ఆమెకి ఇవన్నీ తెలుస్తాయని ఆఫీసుకి కూడా తెలుసు. అదే వచ్చిన చిక్కు.

మేనేజర్ గది బయట గోడకి ఒక అద్దాల పటం ఉంది. అందులో చట్టం ఉంది. చీమ తలకాయలంత అక్షరాలు. రోజూ ఆ అద్దం తుడిచేది టోకెనక్కే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు బొంగరాన్ని పిలిచి చదవమంది. బొంగరం వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఒకే పనికి ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే జీతం ఇవ్వాలట. కడుపుతో ఉందని ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదట. కాన్పుకి జీతంతో సెలవు ఇవ్వాలట. చదవడం ఆపి, "ఇది మన కంపెనీ గురించేనా అక్కా, లేకపోతే పటం ఎక్కడినుంచో తెచ్చి తగిలించారా?" అంది. ఇద్దరూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత టోకెనక్కకి ఆ పటం తుడిచినప్పుడల్లా దాన్ని ఊడబెరికి నేలకేసి కొట్టాలనిపించేది. తీసెయ్యకూడదని రాసి పెట్టుకుని మరీ తీసేస్తున్నారు. కాకపోతే కడుపు కనిపించకముందే తీసేస్తారు, "పని బాలేదు" అని. సెలవు ఇవ్వాల్సిన అవసరం రాదు, చట్టమూ విరగదు.

పన్నెండు కావస్తుండగా హెచ్.ఆర్. మేడమ్ వచ్చింది. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఎవరి పేరూ తెలియకపోయినా అందరినీ "అమ్మా" అంటుంది. ఆమె వెనక సూపర్‌వైజర్ ఒక పెద్ద ట్రే మోసుకొచ్చాడు. ట్రే నిండా మూతలున్న ప్లాస్టిక్ కప్పులు. ఒక్కోదానికీ ఒక్కో కార్మికురాలి నంబరు అంటించి ఉంది.

"ఇవాళ హెల్త్ క్యాంప్ అమ్మా. షుగర్ ఉందేమో చూస్తారు. అందరికీ ఫ్రీ" అంది మేడమ్. "నువ్వు ఇక్కడే ఉండి కప్పులు ఇచ్చి, తిరిగి తీసుకో. ఎవరివి వాళ్ళే ఇవ్వాలి. ఒకరిది ఒకరు ఇవ్వకుండా చూసే బాధ్యత నీది."

"మగవాళ్ళకి షుగర్ రాదా మేడమ్?"

మేడమ్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "వాళ్ళకి తర్వాత పెడతాం."

టోకెనక్క ట్రే అందుకుంది. ఇలాంటి క్యాంపు ఇంతకుముందు కూడా ఒకసారి జరిగింది. అది జరిగిన వారానికి బటన్ల దగ్గరి పిల్ల, కాజాల దగ్గరి ఇద్దరు కనబడకుండా పోయారు. ముగ్గురికీ పని బాలేదట. అంతకుముందు రోజు వరకూ బాగానే ఉన్న చేతులు ఒక్క రాత్రిలో పని మరచిపోయాయట!

ఒకప్పుడు ఆమె కూడా అదే హాల్లో మిషన్ మీద కూర్చునేది. జేబులు కుట్టేది. కడుపు పండినప్పుడు గట్టి గుడ్డ చుట్టి పొట్ట బిగించుకుంది. వదులు జాకెట్టు మీద ఇంకో జాకెట్టు వేసుకుంది. ఎండాకాలం. ఏడో నెలదాకా లాక్కొచ్చింది. అప్పటి సూపర్‌వైజర్ ఒకరోజు ఆమెను వరస మధ్యలో నిలబెట్టి, జాకెట్టు ఎత్తమని, అందరి ముందూ నవ్వాడు. ఆ సాయంత్రమే గేటు బయట నిలబెట్టారు. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. ఏడవలేదు. ఎందుకని అడిగితే, బాగా బిగించి కట్టావమ్మా అంది నర్సు. ఆ మాట అన్నందుకు నర్సు మీద ఆమెకి కోపం లేదు. కోపమంతా ఎవరి మీదో ఆమెకి బాగా తెలుసు. మళ్ళీ కానుపు లేదు. కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా చేసి, చివరికి ఒక కాంట్రాక్టర్ ద్వారా ఇదే ఫ్యాక్టరీకి వచ్చింది. చీపురు పట్టుకున్న మనిషిని ఎవరూ గుర్తుపట్టలేదు.

కప్పులు ఒక్కొక్కటే ఇచ్చి, ఒక్కొక్కటే తీసుకుంది. బొంగరం వంతు వచ్చింది. కప్పు చూడగానే పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"అక్కా..."

"లోపలికెళ్ళి కాసేపు కూర్చుని ఖాళీ కప్పుతో రా. మాట్లాడకు."

ఖాళీ కప్పు ఏప్రన్ మడతలో పెట్టుకుని టోకెనక్క నాలుగో గదిలోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది. ఇన్నేళ్ళలో ఈ కంపెనీ తన దగ్గర కావాలని అడిగి తీసుకున్నది ఇదొక్కటేనని ఆమెకి నవ్వొచ్చింది. మూత బిగించి, తెచ్చి ట్రేలో మిగతావాటి మధ్య పెట్టింది.

భోజనాల తర్వాత మేడమ్ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె నడకలో మెత్తదనం లేదు. సూపర్‌వైజర్ బొంగరాన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఈ అమ్మాయి పది రోజులుగా మిషన్ మీద తల పెట్టుకుని పడుకుంటోందట. వాంతులట. టెస్టులో ఏమీ లేదు. ఎవరిది ఇచ్చారు?"

టోకెనక్క ఏమీ దాచలేదు. దాచాలని కూడా అనిపించలేదు. "నాది మేడమ్. షుగర్ కోసమేగా? నాకుందో లేదో చెప్పండి."

"తమాషాగా ఉందా?"

"నా మీద అనుమానముంటే ఇంకోసారి చూడండి. ఈ వయసులో కడుపని తేలితే మా ఆయన ఊరంతా మిఠాయి పంచుతాడు."

అప్పటికే టోకెన్లు పట్టుకుని వచ్చినవాళ్ళు నలుగురైదుగురు వెనక నిలబడ్డారు. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి. తలుపు పక్కనే ఉన్న ట్రేలోంచి మిగిలిన ఖాళీ కప్పు ఒకటి తీసి బొంగరం చేతిలో పెట్టింది.

"మళ్ళీ ఇవ్వు. తలుపు తీసే ఉంచాలి. నేను ఇక్కడే నిలబడి చూస్తాను." పిల్ల కదలకపోయేసరికి గొంతు మళ్ళీ మెత్తబడింది. "నేనూ ఆడదాన్నేనమ్మా. నా ముందు సిగ్గెందుకు?"

ఆ మెత్తదనమే టోకెనక్క తట్టుకోలేకపోయింది. అరిచినా తట్టుకునేదేమో. జాకెట్టు ఎత్తమన్నవాడు కనీసం నేనూ ఆడదాన్నే అనలేదు.

ఆమె బొంగరాన్ని భుజం పట్టుకుని లోపలికి తోసింది. బయటి తలుపు మూసింది. వీపు తలుపుకి ఆనించి, రెండు చేతులూ చెక్కలకి చాపి నిలబడింది.

"మీ బాత్రూమ్‌కి గొళ్ళెం ఉందా మేడమ్?"

"ఏంటి?"

"ఆఫీసులో మీకు వేరే బాత్రూమ్ ఉందిగా. రోజూ నేనే కడుగుతా. దానికి గొళ్ళెం ఉంది. మీరు వెళ్ళినప్పుడు ఎవరన్నా ఎదురుగా నిలబడి చూస్తే మీకెట్లా ఉంటుందో నాకు తెలీదు. మా పిల్లకి మాత్రం ఒప్పుకోను."

"తలుపు తియ్యి" అన్నాడు సూపర్‌వైజర్.

"ఈ తలుపు దగ్గర నన్ను నిలబెట్టింది మీరేగా సార్. కాపలా కాయమన్నారు. ఇన్నేళ్ళూ వీళ్ళ మీద కాశాను. ఇవాళ వీళ్ళ కోసం కాస్తున్నా. పని అదే. జీతం కూడా పెంచక్కర్లేదు."

అతను ఆమె చెయ్యి పట్టి లాగబోయాడు. వెనకాల వరసలో ఉన్న పెద్దామె, ప్యాకింగ్‌లో పనిచేసే భారీ మనిషి, ఒక అడుగు ముందుకేసి, "ఒంటి మీద చెయ్యెయ్యకండి సార్" అంది. గట్టిగా అనలేదు. కానీ అతను చెయ్యి తీసేశాడు. హాల్లో ఒక్కొక్క మిషన్ ఆగుతున్న చప్పుడు వినిపించింది. లేచినవాళ్ళు లేచారు, కూర్చున్నవాళ్ళు మెడలు చాచారు. అందరూ వచ్చారని కాదు. చాలామంది రాలేదు. కొందరు తల వంచుకుని కుడుతూనే ఉన్నారు. వాళ్ళనేం అనగలం? ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి.

అప్పుడు లోపల్నుంచి తలుపు తట్టింది బొంగరం.

"అక్కా, జరుగు."

"నువ్వు ఉండు."

"జరగక్కా. ఎన్నాళ్ళని దాచుకుంటాను? నాకు ఊపిరాడట్లేదు."

టోకెనక్క పక్కకి జరిగింది. పిల్ల బయటికొచ్చింది. చేతిలో కప్పు ఖాళీగానే ఉంది. దాన్ని జాగ్రత్తగా ట్రేలో పెట్టి, మేడమ్ మొహంలోకి సూటిగా చూసింది.

"నాకు నాలుగో నెల మేడమ్. పరీక్ష ఎందుకు, నేనే చెబుతున్నా. తీసేస్తారా? తీసెయ్యండి. కడుపుతో ఉంది కాబట్టి తీసేస్తున్నామని కాగితం మీద రాసి, కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే వెళ్ళిపోతా."

మేడమ్ ఆ ఖాళీ కప్పుని ట్రేలో ఇంకాస్త వెనక్కి జరిపింది.

"పని బాలేదని రాయకండి. కాలర్లు తెప్పించి చూడండి. ఉన్నది ఉన్నట్టు రాయండి."

"రాసివ్వండి మేడమ్" అంది ప్యాకింగ్ ఆమె. ఇంకెవరో వెనకనుంచి, "గోడ మీద పటంలో రాసుందిగా, దాంట్లోంచి చూసి రాయండి" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేడమ్ సూపర్‌వైజర్ వైపు చూసింది. అతను మిషన్ల వైపు చూశాడు. ఇంత చదువుకున్న మనిషి, ఇంత పెద్ద ఆఫీసు, ఒక్క వాక్యం రాయలేకపోయారు. "వెళ్ళి పని చూసుకోమ్మా. ఎవరు తీసేస్తామన్నారు నిన్ను?" అంది చివరికి, ఆ పాత మెత్తని గొంతుతో. బొంగరం అక్కడే నిలబడిపోయింది, విన్నది నిజమో కాదో తెలియక. ప్యాకింగ్ ఆమె దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మిషన్ దగ్గర కూర్చోబెట్టింది.

టోకెనక్క విషయంలో కాగితం అవసరం రాలేదు. ఆఫీసు గదిలో మేడమ్ కాంట్రాక్టర్‌కి ఒక ఫోన్ చేసింది, అంతే.

"నువ్వు మా కంపెనీ మనిషివి కాదు. కాంట్రాక్టర్ మనిషివి. రేపట్నుంచి నిన్ను పంపొద్దని చెప్పాను."

"నేను మీ మనిషిని కాకపోతే, ఇన్నేళ్ళు నేను కడిగినవి ఎవరివి మేడమ్?"

మేడమ్ ఫైల్లోకి తల దూర్చింది.

"కాంట్రాక్టర్ ఈ ఫ్యాక్టరీలో ఒక్క చెంబు నీళ్ళు పోసింది నేనెప్పుడూ చూళ్ళేదు. నా చేతులే పోశాయి. వాడెవడో నా జీతంలోంచి వాడి వాటా కోసుకుని మిగతాది నాకిస్తే, నేను వాడి మనిషినైపోయానా?"

టోకెనక్క ఏప్రన్ విప్పి, మడత పెట్టకుండా, ఆ బల్ల మీదే వదిలేసి వచ్చింది. తడి ఏప్రన్. కింద ఉన్న కాగితాలు తడిస్తే తడవనీ అనుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ సంచీ చూడాలన్నాడు, రూలు కదా. చూశాడు. అన్నం డబ్బా తప్ప ఏమీ లేదు. "ఒంట్లో బాలేదా అక్కా?" అన్నాడు. "నాకు బాగానే ఉంది తమ్ముడూ" అని రోడ్డు దాటింది. వెనక హాల్లో మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆ చప్పుడు బస్టాపు దాకా వచ్చింది.

ఇంట్లో మొగుడు చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. బస్తాలు మోసి మోసి నడుం పోయాక ఇంట్లో వంటంతా ఆయనదే. తలెత్తి చూశాడు.

"ఏంటి, ఇంత పెందలాడే?"

"సెలవిచ్చారు."

"ఎన్ని రోజులు?"

"చాలానే ఇచ్చారు."

ఆయనకి అర్థమైంది. లేచి, నడుం పట్టుకుంటూ వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె గుటగుటా తాగింది. చెంబు ఖాళీ చేసి ఇంకోటి తెమ్మంది. జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు పెరుగుతూనే ఉంది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూసినా తగ్గించలేదు.

"రేపు లేబర్ ఆఫీసుకి వెళతా."

"వెళ్ళి? నువ్వక్కడ పనిచేసినట్టు ఏం చూపిస్తావే? కార్డు లేదు, కాగితం లేదు."

ఆమె రెండు చేతులూ ఆయన ముందు చాపింది. బ్లీచింగ్ తిని తిని తెల్లగా పగిలిన వేళ్ళు, గోళ్ళు సగానికి సగం అరిగిపోయిన వేళ్ళు.

"ఇవి చూపిస్తా. నమ్మకపోతే వాసన చూడమంటా."

వెళ్ళింది కూడా. అక్కడ వరసలో నిలబడింది, అర్జీ రాయించింది, మళ్ళీ రమ్మంటే మళ్ళీ వెళ్ళింది. అది ఇంకా తేలలేదు. తేలేదాకా తిరుగుతూనే ఉంటానని, కాళ్ళు అరిగితే పాకుతూ వెళతానని ఆ ఆఫీసు గుమాస్తాకే చెప్పింది. ఇప్పుడు నాలుగిళ్ళల్లో అంట్లు తోముతోంది.

ఒక ఆదివారం బొంగరం వచ్చింది. పొట్ట బాగా తెలుస్తోంది. దాన్ని ముందుకు తోసుకుంటూ, ఎవరికీ భయపడనట్టు నడిచి వచ్చింది. కాలర్ల దగ్గర్నుంచి చివరి వరసకి మార్చారట, రోజూ సూపర్‌వైజర్ ఏదో ఒకటి అంటాడట, అయినా ఉందట. టోకెన్లు అలాగే ఉన్నాయట. తలుపు దగ్గరికి కొత్త మనిషి వచ్చిందట.

"అక్కా, చివరి గదిలో నీ అద్దం ఉండిపోయింది. కొత్తామెకి దాని సంగతి తెలీదు. ఎవరూ చూడకుండా ఊడదీసి తేనా?"

బాత్రూముల్లో అద్దాలుంటే ఆడవాళ్ళు టైము వేస్టు చేస్తారని ఆఫీసువాళ్ళు ఎప్పుడో అన్నీ పీకించేశారు. ఎవరిదో మోటారు సైకిలు నుంచి ఊడిన గుండ్రటి అద్దం రోడ్డు మీద దొరికితే, టోకెనక్క దాన్ని కడిగి, ఆడవాళ్ళు మొహం చూసుకోవడానికి ఆ గది తలుపు వెనక, ఆఫీసువాళ్ళ కంట పడకుండా జిగురుతో అంటించింది.

టోకెనక్క బొంగరం చేతిలో నీళ్ళ చెంబు పెట్టింది.

"ఉండనీ" అంది.

అది ఇంకా అక్కడే ఉంది, తలుపు వెనక, ఒక పక్కగా బీటలు వారి, అంచుకి ఎవరిదో ఒక హెయిర్‌పిన్ను తగిలించి.